పసుపు వెండి.. నీలం వెండి! రంగు చూసి సీసా కొనొచ్చా?

కిందటి వానాకాలం, మిరప నాట్లు అయిన కొత్తలో ఓ ఊరి మీదుగా వెళ్తూ రచ్చబండ దగ్గర ఆగాను. చింతచెట్టు కింద పాతిక మంది రైతులు మూగి ఉన్నారు. మధ్యలో ఓ మనిషి మోటారు సైకిలు సీటు మీద సీసాలు పేర్చి, ఒకదాన్ని ఎండకెత్తి చూపిస్తున్నాడు. లోపల నీళ్లు తేనె కలిపినట్టు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. పావు లీటరు తొమ్మిది వందలట.

"ఇది వెండి నీళ్లన్నా. నానో వెండి. వెండి తెల్లగా ఉంటది గదా, మరి ఇది పచ్చగా ఎందుకుంది? నానో కాబట్టి! రంగే సాక్ష్యం. ముడత మీద కొట్టండి, వైరస్ వారంలో పోతది" అంటున్నాడు.

గుంపులో ఉన్న పెద్దాయన ఒకరు నన్ను గుర్తు పట్టారు. "ఏందబ్బాయ్, పేపర్లో రాస్తావు గదా, నువ్వు చెప్పు. వెండి పచ్చగా ఎట్టా ఉంటది?" అన్నారు.

నాకేం తెలుసు? ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి. అయినా పదిమందిలో అడిగేసరికి తెలియదనడానికి నోరు రాలేదు. "ఉండదు బాబాయ్. రంగునీళ్లే" అనేశాను. నలుగురు అప్పటికే కొన్నారు. మిగతావాళ్లు నా మాట మీద వెనక్కి తగ్గారు. ఆ మనిషి సీసాలు సర్దుకుంటూ, "పేపరాయనకు సైన్సు రాదు" అని పోయాడు.

రాత్రికి మనసు ఊరుకోలేదు. మర్నాడు టౌన్లో ఫిజిక్సు చెప్పే లెక్చరరు ఒకాయన్ని కలిసి అడిగాను. తేలిందేమంటే, నేను చెప్పిన మాట తప్పు. వెండి పచ్చగా ఉంటుంది. నీలంగానూ ఉంటుంది. ఆ అమ్మకందారు చెప్పినదాంట్లో ఓ ముక్క నిజం. కానీ ఆ నిజం ముక్కకు తగిలించి ఆయన అమ్మిన మిగతా మాటలున్నాయే, వాటి సంగతి వేరు. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేశాక మన రైతు ఏ సీసా చూపించినా ఆశపడుతున్నాడు. అందుకని ఈ రంగు కథ ఏమిటో కాస్త వివరంగా తెలుసుకుందాం.

ముక్క చిన్నదైతే రంగే వేరు

మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. మనం చెప్పుకునే వెండి, బంగారు రేణువులు ఎక్కువగా 10 నుంచి 100 నానోమీటర్లలోపు ఉంటాయి. 20 నానోమీటర్ల బంగారు రేణువులను పక్కపక్కన పేరిస్తే ఒక్క వెంట్రుక అడ్డానికి నాలుగు వేలు పడతాయి.

అంత చిన్నదయ్యాక బంగారం బంగారంలా కనిపించదు. 1857లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే, అదే.. మన కరెంటు మోటార్లకు, జనరేటర్లకు దారి చూపించినాయన, బంగారు ఉప్పు కరిగించిన నీళ్లలో ఫాస్ఫరస్ కలిపి చూశాడు. నీళ్లు కెంపు రంగులోకి తిరిగాయి. అందులో ఉన్నది కంటికి కనిపించనంత సన్నటి బంగారమేనని ఆయన చెప్పాడు. ఆయన తయారుచేసిన సీసాల్లో కొన్ని ఆ సంస్థలో ఇప్పటికీ ఉన్నాయి. ఎరుపు తగ్గలేదు.

రంగు ఎలా వస్తుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఆకు ఎండలోని ఎరుపును, నీలాన్ని తినేసి ఆకుపచ్చను వదిలేస్తుంది, అందుకే పచ్చగా కనిపిస్తుంది. రేణువుల విషయంలోనూ ఇంతే. ఏ రంగును మింగిందో దాన్ని తీసేయగా మిగిలిందే మన కంటికి వస్తుంది. గుండ్రటి బంగారు రేణువు ఆకుపచ్చ కాంతిని మింగుతుంది, ఎరుపు మిగులుతుంది. గుండ్రటి వెండి రేణువు ఊదా కాంతిని మింగుతుంది, పసుపు మిగులుతుంది.

ఇక్కడిదాకా పసుపు సీసా మనిషి మాట ఒప్పే. అసలు సంగతి 'గుండ్రటి' అన్న మాటలో ఉంది.

కుడితి తొట్టిలో ఉంది కిటుకు

లెక్చరరుగారు నాకు చెప్పిన పోలికే చెబుతాను. లోహంలో ఎలక్ట్రాన్లు అనే సూక్ష్మ కణాలు ఒకచోట కట్టేసినట్టు ఉండవు, తొట్టిలో నీళ్లలా అటూ ఇటూ కదులుతాయి. కాంతి ఒక అల. అది వచ్చి తగలగానే ఈ ఎలక్ట్రాన్ల నీళ్లు ఊగుతాయి. ఏ తొట్టికైనా తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా తోస్తే ఎగిరిపోతుంది, లేకపోతే కదలనట్టే ఉంటుంది కదా. అలాగే రేణువు ఊపుకు కలిసే కాంతి వచ్చినప్పుడే ఎలక్ట్రాన్లు గట్టిగా ఊగి ఆ కాంతిని లాక్కుంటాయి. మిగతా రంగులు వాటిని పట్టించుకోకుండా పోతాయి.

ఇప్పుడు గుండ్రటి పళ్లెంలో నీళ్లు పోసి కదపండి. ఎటు కదిపినా ఒకే ఊపు. పశువుల పాకలో పొడవాటి కుడితి తొట్టి ఉంటుంది కదా, దాన్ని అడ్డంగా కదిపితే నీళ్లు గబగబా ఊగుతాయి. పొడవు వాటంగా కదిపితే ఈ కొస నుంచి ఆ కొసకు పోయి రావడానికి సమయం పడుతుంది, నెమ్మదిగా ఊగుతాయి. ఒకే తొట్టి, రెండు ఊపులు.

లోహపు రేణువులోనూ ఇదే జరుగుతుంది. ఆవగింజలా గుండ్రంగా ఉంటే ఒకే ఊపు, ఒకే రంగును మింగుతుంది. బియ్యపు గింజలా పొడుగ్గా ఉంటే రెండు రంగులను మింగుతుంది. కాంతిలో గబగబా ఊగేది ఊదా, నీలం వైపు. నెమ్మదిగా ఊగేది ఎరుపు వైపు. కాబట్టి రేణువు పొడవు పెరిగేకొద్దీ అది మింగే రెండో రంగు ఎరుపు వైపుకు జరిగిపోతుంది. (పోలిక పోలికే సుమా. నీళ్లను వెనక్కి లాగేది భూమి బరువు. ఎలక్ట్రాన్లను వెనక్కి లాగేది రేణువు రెండు కొసల మధ్య ఉండే విద్యుత్ ఆకర్షణ. కొసలు దూరమైతే ఆ లాగుడు సడలుతుంది, ఊపు నెమ్మదిస్తుంది.)

గుండ్రటి రేణువుల లెక్కను 1908లోనే జర్మనీ శాస్త్రవేత్త గుస్తావ్ మీ వేశాడు. నాలుగేళ్ల తర్వాత రిచర్డ్ గాన్స్ కోలగా ఉండే రేణువులకు లెక్క కట్టాడు. కోరిన ఆకారంలో రేణువును చేసి చూపించడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది.

బంగారు రేణువునే తీసుకోండి. గుండ్రంగా ఉంటే 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర మింగుతుంది. నీళ్లు ఎర్రగా ఉంటాయి. పుల్లలా సాగదీస్తే నీళ్ల రంగు నీలానికి, ఆకుపచ్చకు, ఇంకా సాగితే గోధుమ రంగుకు తిరుగుతుంది. పొడవు మందానికి నాలుగింతలైతే అది మింగేది సుమారు 800 నానోమీటర్ల కాంతిని. అది మన కంటికి అందని కాంతి, టీవీ రిమోట్ నుంచి వచ్చే కాంతి జాతిది. ఆ కాంతి చర్మం లోపలికి కొంత దూరం పోగలదు. మింగిన కాంతి వేడిగా మారుతుంది. దీంతో క్యాన్సర్ కణాలను కాల్చవచ్చునని 2006లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎల్ సయ్యద్ బృందం ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చూపించింది. గుండ్రటి బంగారంతో ఈ పని ఇంత సులువు కాదు. లోహం అదే, పని ఆకారానిది.

ట్యూబులైటు కింద నీలమైన వెండి

ఇక అన్నిటికంటే నాకు బాగా పట్టిన సంగతి వెండిది. 2001లో అమెరికాలోని నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయంలో చాడ్ మిర్కిన్ బృందం పసుపు వెండి నీళ్లను, అంటే గుండ్రటి రేణువులున్న నీళ్లను, మామూలు 40 వాట్ల ట్యూబులైటు కింద పెట్టింది. అవును, మన పశువుల కొట్టంలో ఉండే లాంటి ట్యూబులైటే. పసుపు నీళ్లు మెల్లగా ఆకుపచ్చగా మారాయి. మూడు రోజులకు నీలం అయ్యాయి.

కొత్తగా వెండి కలపలేదు, తీసేయలేదు. రంగూ పోయలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి రేణువుల స్థానంలో పలుచటి త్రికోణపు పలకలు ఉన్నాయి. ఊదాను మింగే గుండు పోయి, 670 నానోమీటర్ల దగ్గర ఎరుపును మింగే త్రికోణం వచ్చింది. ఎరుపు పోతే మిగిలేది నీలం. త్రికోణం మూలలు ఎంత పదునుగా ఉంటే మింగే రంగు అంతగా ఎరుపు వైపు ఉంటుంది. మూలలు అరిగితే మళ్లీ వెనక్కి, నీలం వైపు జరుగుతుంది.

2002లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో వెండి రేణువులను ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద పెట్టి, వాటి నుంచి చెదిరి వచ్చే కాంతిని చూశారు. చెదిరే కాంతిలో, రేణువు పట్టుకునే రంగే కంటికి వస్తుంది. గుండ్రటివి నీలంగా, ఐదు మూలలవి ఆకుపచ్చగా, త్రికోణాలు ఎర్రగా కనిపించాయి. వాటిని కొద్దిగా వేడి చేస్తే చాలు, ఆకారం సూక్ష్మంగా మారి రంగు జరిగింది. చూసే వాటాన్ని బట్టి రంగు ఇలా తారుమారు కావడం కొత్త కాదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో నాలుగో శతాబ్దం నాటి రోమన్ గాజు కప్పు ఉంది. లైకర్గస్ కప్పు అంటారు. బయటి నుంచి వెలుగు పడితే ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. ఆ గాజులో సన్నటి వెండి, బంగారు రేణువులున్నాయి. చేసినవాళ్లకు నానో అన్న మాటే తెలియదు.

ఉప్పు పడితే ఏమవుతుంది?

ఈ సంగతి మన బోరునీళ్లకు దగ్గరి సంగతి. ఫారడే తన ఎర్ర బంగారు నీళ్లలో ఉప్పు వేసి చూశాడు. ఎరుపు కాస్తా నీలం అయింది. ఎందుకంటే రేణువుల మీద ఉండే విద్యుత్ కారణంగా అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పు ఆ తోపుడును చంపేస్తుంది. అప్పుడు అవి అంటుకుని గుంపు కడతాయి. రెండు గుండ్లు అంటుకుంటే ఎలక్ట్రాన్లకు అవి పొడుగాటి ఒకే తొట్టి కింద లెక్క. ఊపు నెమ్మదిస్తుంది, మింగే రంగు ఎరుపు వైపు పోతుంది, నీళ్లు నీలంగా కనిపిస్తాయి. ఇంకా గుంపు పెరిగితే అడుగున మడ్డిగా దిగిపోతుంది. వెండి త్రికోణాలకైతే ఉప్పులోని క్లోరైడు మూలలను కొరికేస్తుంది, నీలం రంగు నిలవదు. అందుకే తయారుచేసేవాళ్లు రేణువులకు పైపూత వేస్తారు. ఆ పూత సరిగా లేని సరుకు ఉప్పు బోరునీళ్ల ట్యాంకులో పోస్తే, సీసాలో ఉన్న నానో ట్యాంకులోకి వచ్చేసరికి నానోగా మిగలకపోవచ్చు.

ఈ గుంపు కట్టే గుణమే మరోచోట మేలు చేసింది. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం 2003లో బంగారు రేణువుల నీళ్లలో ఎండోసల్ఫాన్ ఉంటే రంగు మారుతుందని చూపించింది. నీళ్లలో పురుగుమందు ఉందో లేదో కంటితో పట్టుకునే దారి అది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది, మన రైతులు ఎరుగుదురు.

ఎర్ర గీత బంగారమే

ఇంతా విని "మనింట్లో బంగారు నానో ఎక్కడిదయ్యా?" అనుకోవద్దు. గర్భం నిర్ధారించే స్ట్రిప్పు మీద వచ్చే ఎర్ర గీత చాలా రకాల్లో బంగారు రేణువులదే. మలేరియా పరీక్ష పుల్లలోనూ, 2020 తర్వాత కరోనాకు ఇంటింటా వాడిన స్ట్రిప్పుల్లోనూ ఎక్కువగా అదే. పాలలో యాంటీబయోటిక్ మందు ఆనవాళ్లు పట్టే స్ట్రిప్పులు, మొక్కల వైరస్‌ను ఆకు రసంలో పట్టే స్ట్రిప్పులు కూడా ఈ పద్ధతి మీద నడుస్తున్నాయి. సుమారు 40 నానోమీటర్ల గుండ్రటి బంగారు రేణువులకు ఆ రోగాన్ని గుర్తు పట్టే పదార్థం అంటిస్తారు. అవి గీత దగ్గర పోగుపడితే ఎరుపు కనిపిస్తుంది.

ఒకే రంగైతే ఒకే రోగం చెప్పగలం. మరి వేరువేరు ఆకారాలు వాడితే? 2015లో అమెరికాలో శాస్త్రవేత్తలు త్రికోణపు వెండి పలకలను మూడు సైజుల్లో చేశారు. నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వచ్చాయి. ఒక్కో రంగుకు ఒక్కో రోగం అప్పగించి డెంగీ, ఎల్లో ఫీవర్, ఎబోలాలను ఒకే స్ట్రిప్పు మీద వేరుచేసి చూపించారు. మిరపలో జెమినీ వైరస్‌నూ, మిగతా వైరస్‌లనూ ఇలా ఒక్క పుల్ల మీద చూసే రోజొస్తే నారు దశలోనే తేల్చుకోవచ్చు. అది నా ఆశ.

స్ట్రిప్పు వాడేవాళ్లకు రెండు మాటలు. సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని పాకెట్ మీదే రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో రేకుల కొట్టంలో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక కంట్రోలు గీత అని ఒకటి ఉంటుంది, అది రాకపోతే రెండో గీత వచ్చినా రాకపోయినా ఆ పరీక్ష చెల్లదు. పాల కేంద్రంలో మీ పాలు వెనక్కి పంపితే ఆ గీత చూపించమని అడగడం మీ హక్కు.

మరి ఆ సీసా?

రంగు సాక్ష్యమా? నిజమైన గుండ్రటి వెండి నానో నీళ్లు పసుపుగా ఉంటాయి, నిజమే. కానీ పసుపుగా ఉన్నదల్లా వెండి కాదు. పసుపు కొమ్ము రసమూ పసుపే, మిఠాయి రంగూ పసుపే. నీలంగా ఉన్నదల్లా త్రికోణపు వెండీ కాదు, మైలతుత్తం నీళ్లు కూడా నీలమే. ఏ రంగును ఎంత మింగుతోందో కొలిచే యంత్రం ఉంటుంది, ఆకారం చూడడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంటుంది. ఆ రెండూ లేకుండా లెక్చరరుగారు కూడా చెప్పలేనన్నారు. ఒకటి మాత్రం కంటితో పట్టొచ్చు. పసుపు సీసా బూడిద రంగుకు తిరిగినా, అడుగున నల్లటి మడ్డి దిగినా అందులో ఉన్నది ఏదైనా కానివ్వండి, చెడింది.

పోనీ అసలు వెండే అనుకుందాం. వెండికి బ్యాక్టీరియాను, శిలీంధ్రాలను చంపే గుణం ఉంది. అంతమాత్రాన మొక్క లోపలికి పోయిన జెమినీ వైరస్‌ను తీసేయగలదా? మొక్కకు సోకిన వైరస్‌ను నయం చేసే మందు ఇప్పటికి లేదు. అది తెల్లదోమ ద్వారా వస్తుంది. తెల్లదోమను ఆపడం, పసుపు జిగురు అట్టలు పెట్టడం, చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరసలు వేయడం, సోకిన మొక్కను మొదట్లోనే పీకి కాల్చేయడం.. వ్యవసాయ శాఖవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నవే. పైగా వెండికి చెడ్డ బ్యాక్టీరియా ఏదో, మట్టిలో మనకు మేలు చేసే బ్యాక్టీరియా ఏదో తేడా తెలియదు.

కొందరు నానో యూరియాతో దీన్ని కలిపి అడుగుతున్నారు. అది వేరే. అది లోహం కాదు, యూరియాయే. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నోటిఫై చేశారు. దాని పనితనం మీద వాదనలున్నాయి, అది మరోసారి రాస్తాను. నానో పేరుతో వచ్చే వ్యవసాయ సరుకును ఎలా పరీక్షించాలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పురుగు మీదో తెగులు మీదో కొట్టే మందైతే 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు సీసా మీద ఉండాలి. తయారుచేసినవారి చిరునామా, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. కొన్నందుకు బిల్లు ఇవ్వాలి. రంగు చూడకండి, ఇవి చూడండి. అనుమానం వస్తే మండల వ్యవసాయాధికారికి సీసా చూపించండి. లేదంటే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోను చేస్తే డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన నెల మళ్లీ ఆ ఊరు వెళ్లాను. పెద్దాయనకు జరిగిందంతా చెప్పి, ఆ రోజు తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. "అయితే వెండి పచ్చగా ఉంటదన్నమాట!" అని కాసేపు ఆలోచించారు. సీసా కొన్న నలుగురిలో ఒకరింటికి తీసుకెళ్లారు. పశువుల కొట్టంలో చూరు కింద సగం సీసా ఇంకా ఉంది. మిరప మీద రెండుసార్లు కొట్టారట, ముడత ముడతే. సీసా తిప్పి చూశాం. ఏదో బొమ్మ, 'నానో' అని పెద్ద అక్షరాలు, అంతే. రిజిస్ట్రేషన్ నంబరు లేదు, చిరునామా లేదు. బిల్లు ఆయన అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. పెద్దాయన సీసాను ఎండకెత్తి చూశారు. నీళ్లు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. లోపల ఏముందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.